ఎలక్ట్రిక్ కారులో తీరం వెంబడి ప్రయాణం: రాత్రి బస ఎక్కడో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మేం మొదటిసారి ఎలక్ట్రిక్ కారు కొన్నాం. బ్యాటరీ 60 కిలోవాట్ అవర్లు. ఫుల్ చార్జ్ చేస్తే 450 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పింది. పిల్లల సెలవుల్లో సముద్ర తీరం వెంబడి ఐదు రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. అన్నీ కలిపి 1,000 కిలోమీటర్ల దాకా అవుతుంది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, 70 ఏళ్ల నాన్నగారు. మొదటి రోజే 420 కిలోమీటర్లు వెళ్లిపోతే మిగతా రోజులు తీరిగ్గా గడపొచ్చని నా ఆలోచన. మా బావమరిదేమో ‘దారిలో ఆగిపోతే పెద్దాయనతో ఏం అవస్థ పడతావు, నా పెట్రోలు కారు తీసుకెళ్లు బావా’ అంటున్నాడు. వానలో చార్జింగ్ పెడితే షాక్ కొడుతుందేమోనని నా భార్య భయం. పిల్లలకు కారుని ఇసుకలోకి, అలల దాకా తీసుకెళ్లాలని సరదా. మధ్యలో ఒకచోట ఏరు దాటడానికి ఫెర్రీ ఎక్కాలి. ఏం చేయమంటారు?

సమాధానం: మీ కారులోనే వెళ్లండి. నాన్నగారితో, పిల్లలతో కలిసి నిశ్చింతగా తిరిగి రావచ్చు. అయితే మొదటి రోజు 420 కిలోమీటర్ల ఆలోచన మాత్రం మానుకోండి. మీ ప్లాన్‌లో నాకు అభ్యంతరంగా తోచింది అదొక్కటే. మీ బావమరిది భయపడుతున్నట్టు దారిలో ఆగిపోయే ప్రమాదం ఉంటే గింటే అది ఆ ఒక్క రోజునే.

కంపెనీ చెప్పే 450 పరీక్షల్లో వచ్చిన అంకె. ఆ పరీక్షలు నిర్ణీత వేగాలతో, నిర్ణీత పరిస్థితుల్లో జరుగుతాయి. ఐదుగురు మనుషులు, సామాన్లు, ఏసీ, ఎదురుగాలి, హైవే వేగం అన్నీ కలిస్తే ఆ అంకె ఎంతో కొంత తగ్గక తప్పదు. లెక్క వేసుకుందాం. ఒక కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్. మీ బ్యాటరీలో 60 యూనిట్లు పడతాయి. నిండు కారుతో గంటకు 80, 90 కిలోమీటర్ల వేగంలో వెళ్తే 100 కిలోమీటర్లకు 18 యూనిట్లు ఖర్చవుతాయనుకోండి. అంతకంటే తక్కువే కావచ్చు, కానీ ప్లాన్‌కు ఈ అంకె మంచిది. అప్పుడు ఫుల్ చార్జ్‌తో బయల్దేరి, 15 శాతం మిగుల్చుకుని ఆగితే దాదాపు 280 కిలోమీటర్లు. మధ్యలో ఫాస్ట్ చార్జర్‌లో 80 శాతం దాకా ఎక్కించుకుని మళ్లీ 15కి వచ్చేలోపు ఇంకో 215. ఇకనుంచి ఈ రెండు అంకెలే మనసులో పెట్టుకోండి, 450ని మర్చిపోండి.

తీరం దారికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు ఊళ్ల మధ్య మీరున్న చోటు చుట్టూ 50 కిలోమీటర్ల గుండ్రం గీస్తే నాలుగు వైపులా రోడ్లుంటాయి, చార్జర్లు దొరికే వీలుంటుంది. సముద్రం పక్కన అదే గుండ్రంలో సగం నీళ్లే. ఒక చార్జర్ పాడైతే దానికి బదులు వెతుక్కునే చోట్లు ఒక్కసారిగా సగానికి పడిపోతాయి. పైగా ఏటి మొగలు, కయ్యలు, ఉప్పుటేర్లు అడ్డొచ్చిన చోటల్లా రోడ్డు లోపలికి తిరిగి, వంతెన దాటి, మళ్లీ ఒడ్డుకు వస్తుంది. మ్యాప్‌లో ఎదురుగా కనిపించే ఊరికి పది కిలోమీటర్లే అనిపిస్తుంది, తీరా వెళ్తే నలభై తేలుతుంది. కాబట్టి తీరం వెంబడి దూరాన్ని కంటి అంచనాతో కొలవకండి. ప్రతి ముక్కకూ రోడ్డు దూరమే చూసుకోండి.

ఫాస్ట్ చార్జర్లు ఎక్కువగా పెద్ద హైవేల మీద ఉంటాయి. ఆ హైవేలు చాలాచోట్ల సముద్రానికి కొంత లోపలగా పోతాయి. అందుకని ప్రయాణాన్ని దువ్వెనలా కట్టమంటాను. హైవే దువ్వెన వెన్ను. అక్కడి నుంచి సముద్రం వైపు దిగే ఒక్కో దారీ ఒక్కో పన్ను. ఒడ్డుకు దిగడం, చూడటం, మళ్లీ వెన్ను మీదికి రావడం. ఇందులో మరిచిపోకూడనిది తిరుగు దూరం. ఒడ్డు 25 కిలోమీటర్లంటే మీ ఖర్చు 50 కిలోమీటర్లకు. అక్కడ చార్జర్ ఉందని మ్యాప్ చెప్పినా సరే, వెనక్కి వచ్చే చార్జ్ చేతిలో ఉంచుకునే దిగండి.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి ప్రయాణాల్లో అందరూ ముందుగా దారిలో చార్జర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతారు. నేనైతే ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారో తేల్చుకోమంటాను. మీరు నిద్రపోయే ఎనిమిది గంటలూ కారు కూడా కదలకుండా ఉంటుంది. అదే చార్జింగ్‌కు అన్నిటికంటే మంచి సమయం. 7 కిలోవాట్ల ఏసీ చార్జర్ (ఇక్కడ ఏసీ అంటే చల్లబరిచేది కాదు, ఆల్టర్నేటింగ్ కరెంట్) ఉన్న బస దొరికితే ఎనిమిది గంటల్లో, నష్టాలు పోను, 50 యూనిట్ల దాకా ఎక్కుతుంది. అంటే రాత్రి 20 శాతంతో వచ్చినా పొద్దున్నే ఫుల్. చార్జర్ లేకపోయినా గోడకు 16 ఆంపియర్ల ప్లగ్ ఉంటే కారుతో ఇచ్చిన పోర్టబుల్ చార్జర్‌తో గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కించుకోవచ్చు. రాత్రి పది గంటలు పెడితే 45 శాతం దాకా వస్తుంది. రోజుకు 150, 160 కిలోమీటర్లే తిరిగే మీ మధ్య మూడు రోజులకు అది దాదాపు సరిపోతుంది. మిగిలిన కొంచెం లోటు ఒకే ఒక్క ఫాస్ట్ చార్జ్‌తో తీరిపోతుంది.

బస బుక్ చేసేటప్పుడు ‘ఈవీ చార్జింగ్ ఉందా’ అని అడిగి ఊరుకోకండి. ‘ఉంది’ అనే జవాబు వెనుక ఏదైనా ఉండొచ్చు. ఫోన్ చేసి, ప్లగ్ పార్కింగ్ పక్కనే ఉందా, కేబుల్ అందేంత దగ్గరా, ఎర్తింగ్ సరిగ్గా ఉందా, రాత్రంతా ఆ చోటు మనకే ఉంచుతారా, కరెంటు పోతే జనరేటర్ మీద కారు చార్జింగ్‌కు ఒప్పుకుంటారా అని అడగండి. వీలైతే ప్లగ్ ఫొటో పంపమనండి. ఎర్తింగ్ లేని ప్లగ్‌లో పెడితే చాలా పోర్టబుల్ చార్జర్లు ఎర్ర లైటు చూపించి పనిచేయడం మానేస్తాయి. రాత్రి పదింటికి, పిల్లలు నిద్రలో ఉన్నప్పుడు ఆ సంగతి తెలియడం కంటే ముందే తెలియడం మంచిది కదా. ఇంకొక్కటి గట్టిగా చెప్పాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకండి. గంటల తరబడి అంత కరెంటు లాగితే సన్నని వైరు వేడెక్కి కరుగుతుంది. ప్లగ్‌లో పెట్టిన పావుగంటకు చేత్తో తాకి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే కారు సెట్టింగ్స్‌లో ఆంపియర్లు తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే ఆ ప్లగ్ వదిలేయండి.

ఈ లెక్కతో మీ ఐదు రోజులు ఇలా పడతాయి. మొదటి రోజు 260 కిలోమీటర్లు, మధ్య మూడు రోజులు రోజుకు 160, చివరి రోజు మళ్లీ 260. మొత్తం మీరు రాసిన వెయ్యే. మొదటి రోజు ఇంటి దగ్గర 100 శాతంతో బయల్దేరండి. నా లెక్క ప్రకారం 260 కిలోమీటర్లకు 47 యూనిట్లు చాలు, అసలు ఆగకుండానే చేరొచ్చు. అయినా 160 కిలోమీటర్ల దగ్గర భోజనానికి ఆగి, 80 శాతం దాకా ఎక్కించుకోండి. అప్పుడు బస చేరేసరికి చేతిలో 50 శాతం ఉంటుంది. అక్కడి ప్లగ్ పనిచేయకపోయినా, ఆ ఊళ్లో కరెంటు లేకపోయినా మీ నిద్ర చెడదు. ఈ మిగులు కోసమే మొదటి రోజు దూరం తగ్గించమన్నది. నాన్నగారికి కూడా రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయడం అవసరం. ఆయన కోసం ఎలాగూ ఆగాలి, కారు కూడా అప్పుడే చార్జ్ అవుతుంది.

పగటి ఫాస్ట్ చార్జింగ్ గురించి తెలుసుకోవాల్సింది ముఖ్యంగా 80 శాతం సంగతి. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటును జోరుగా తీసుకుంటుంది, నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. సెల్స్ దెబ్బతినకుండా కారే వేగం తగ్గించుకుంటుంది. 10 నుంచి 80 దాకా పట్టినంత సమయమే ఒక్కోసారి 80 నుంచి 100కు పడుతుంది. 80 కాగానే గన్ (కారుకు తగిలించే చార్జర్ కేబుల్ కొస) తీసేసి బయల్దేరడం మీకూ లాభం, వెనుక నిలబడ్డవారికీ మేలు. చార్జర్ మీద 120 కిలోవాట్లని రాసి ఉన్నా మీ కారు 70 మాత్రమే తీసుకోగలిగితే వచ్చేది 70. రెండు గన్లున్న 60 కిలోవాట్ల చార్జర్‌కు పక్కన ఇంకో కారు తగిలితే చాలాచోట్ల చెరో 30 పంచుతుంది. అరగంట అనుకున్న పని గంట దాటుతుంది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం ఇలా కావడం మామూలే. కుదిరితే పదకొండులోపు చార్జింగ్ పెట్టేసుకోండి.

చార్జర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. అది పనిచేయకపోతే దాని తర్వాతి చార్జర్ దాకా వెళ్లే చార్జ్ ఉండాలి. ఆ రెండోది వేరే కంపెనీది, వేరే ఆవరణలోది అయితే మరీ మంచిది. ఒకే చోట నాలుగు చార్జర్లున్నా ట్రాన్స్‌ఫార్మర్ పోతే నాలుగూ ఆగిపోతాయి. తీరం మీద ఆ రెండోది తరచూ లోపలి హైవే మీదే ఉంటుంది. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లో చార్జర్ బొమ్మ కనిపిస్తే సరిపోదు, చివరిగా ఎవరు, ఏ రోజున చార్జ్ చేసుకున్నారో చూడండి. ఈ వారంలో ఎవరో విజయవంతంగా చేసుకున్న చోటును నమ్మొచ్చు. ఆరు నెలలుగా ఎవరూ ఏమీ రాయని చోటును లెక్కలోంచి తీసేయండి. దారిలోని కంపెనీల యాప్‌లన్నీ ఇంట్లో ఉండగానే వేసుకుని, ఓటీపీ తతంగం ముగించి, వాలెట్‌లో కొంత డబ్బు పెట్టుకోండి. ఒడ్డు పక్క ఊళ్లలో సిగ్నల్ ఆడుతూ పోతూ ఉంటుంది. చార్జర్ ముందు నిలబడి యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం కంటే చిరాకు లేదు. ట్యాప్ చేసే కార్డు ఇచ్చే కంపెనీ ఉంటే తీసుకోండి.

బయల్దేరే ముందు ఒక ఆదివారం అందరూ కలిసి అదే వేగంతో 150 కిలోమీటర్లు తిరిగి రండి. ఒకసారి బయటి ఫాస్ట్ చార్జర్‌లో పెట్టి చూడండి. మీ కారు 100 కిలోమీటర్లకు నిజంగా ఎంత తాగుతుందో తెలుస్తుంది. 18 కాకుండా 15 అని తేలితే టెన్షన్ సగం అక్కడే పోతుంది.

ఖర్చు పెంచేవాటిలో మొదటిది వేగం. గాలి ఒత్తిడి వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 110కి పోతే గాలి పట్టి లాగే బలం దాదాపు రెట్టింపు. ఎదురుగాలి కూడా అంతే. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80తో వెళ్లే కారుకు గాలి మామూలు రోజున 100తో వెళ్తున్నట్టే తగులుతుంది. తీరంలో గాలికి ఒక వేళ ఉంటుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా. నేల మీద వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది గాలి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక అది బాగా జోరుగా ఉంటుంది. పొద్దున్నే అంత ఉండదు. అందుకే పొడవైన ముక్కలు ఉదయం పూట పెట్టుకోండి. మధ్యాహ్నం ఒడ్డుకు దిగితే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక గాలి. మీటర్ వెళ్లేటప్పుడు ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. కారుపైన సామాను పెట్టె కట్టొద్దు, అది కూడా గాలికి అడ్డమే. టైర్లలో నిండు లోడుకు ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది, అంత పట్టించండి.

ఏసీ గురించి అనవసరంగా భయపడతారు చాలామంది. కారు చల్లబడ్డాక ఏసీ ఒకటి, ఒకటిన్నర కిలోవాట్లు తీసుకుంటుంది. ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కున్నా పోయేది 3 యూనిట్లు, అంటే 5 శాతం. నాన్నగారిని చెమటలో కూర్చోబెట్టి ఆ 5 శాతం మిగుల్చుకోవద్దు. ప్లగ్‌లో ఉండగానే ఏసీ వేసి కారును చల్లబరచుకుని బయల్దేరితే ఆ కొంచెం కూడా కలిసొస్తుంది.

కొండ అంచున ఎక్కే రోడ్లుంటే ఒక చిన్న లెక్క. రెండు టన్నుల బరువుతో 500 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మామూలు ఖర్చు కాక ఇంకో 3 యూనిట్లు పడుతుంది. దిగేటప్పుడు రీజెన్, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే ఏర్పాటు, అందులో చాలా భాగం తిరిగి ఇస్తుంది. బస కొండ మీద ఉంటే మాత్రం 100 దాకా నింపకండి. నిండిన బ్యాటరీ రీజెన్ కరెంటు తీసుకోదు. దిగేటప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

మీ శ్రీమతికి ధైర్యం చెప్పండి. వానలో చార్జింగ్‌కు భయం అక్కర్లేదు. గన్ పూర్తిగా బిగిసి, కారూ చార్జరూ మాట్లాడుకుని, అంతా సరిగా ఉందని తేల్చుకున్నాకే కరెంటు పారుతుంది. లీకేజీ కనిపిస్తే వెంటనే ఆగిపోతుంది. గన్ మూతిని నేల మీద పడేయకుండా, అందులో ఇసుకగానీ తుప్పుగానీ లేకుండా చూసుకుంటే చాలు. పగిలిన గన్, చీలిన కేబుల్ కనిపిస్తే పెట్టకండి. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు కాసేపు ఆగండి. రాత్రి పోర్టబుల్ చార్జర్ పెట్టె, గోడ ప్లగ్ మాత్రం వానకు తడవని చోట ఉండాలి. అది మామూలు ప్లగ్గే కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం.

పిల్లల కోరిక విషయంలో మాత్రం నేను కఠినంగా చెప్తాను. ఇసుకలోకి వద్దు, అలల దాకా అసలే వద్దు. బ్యాటరీ వల్ల ఈ కార్లు అంతే సైజు పెట్రోలు కారు కంటే చాలా బరువు. అడుగున నేలకు ఎడం కూడా చాలా మోడళ్లకు తక్కువే. యాక్సిలరేటర్ తాకగానే చక్రాలు ఒక్కసారిగా తిరిగి ఇసుకను తవ్వేస్తాయి, కడుపు ఆనేస్తుంది. తాడు వెతికేలోపు పోటు మొదలైతే? ఉప్పునీరు మంచినీటి లాంటిది కాదు. కరెంటును చక్కగా పారిస్తుంది, లోహాన్ని తినేస్తుంది. బ్యాటరీకి ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా తట్టుకునే ప్రమాణం) ఉందని షోరూమ్‌లో చెప్పి ఉంటారు. ఆ పరీక్ష మంచినీళ్లలో, ఒక మీటరు లోతున, అరగంట సేపు. 2022 సెప్టెంబరులో అమెరికాలో ఇయన్ తుపాను ఫ్లోరిడా తీరాన్ని ముంచెత్తినప్పుడు ఉప్పునీట మునిగిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు, నీళ్లు తీసిన తర్వాత తగలబడ్డాయి. అలాంటి కార్లను ఇళ్లకు, ఇతర వాహనాలకు కనీసం 50 అడుగుల దూరంలో ఉంచమని అక్కడి రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. లోపల తేమ, ఉప్పు చేరితే రోజుల తర్వాత కూడా షార్ట్ కావచ్చు. కాబట్టి గట్టి నేల మీద, పోటు రేఖకు బాగా పైన ఆపండి. అలల దాకా పిల్లలు నడిచే వెళ్లాలి. కెరటం పొంగి రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట కూడా ‘దాటేద్దాం’ అనుకోకుండా వెనక్కి తిరగండి.

ఫెర్రీ వాళ్లకు ముందే ఫోన్ చేయండి. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో ఒక్కో చోట ఒక్కో నియమం ఉంటుంది. నార్వే తీరం వెంబడి ఓడలు నడిపే హావిలా సంస్థ 2023 జనవరిలో ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లను ఇక ఎక్కించుకోబోమని ప్రకటించింది. కొన్నిచోట్ల బ్యాటరీలో ఇంతకంటే ఎక్కువ చార్జ్ ఉండకూడదంటారు. అలాంటి షరతు ఉంటే దాటాక ఎక్కడ చార్జ్ చేస్తారో కూడా చూసుకోవాలి. వాళ్లు కాదంటే చుట్టూ తిరిగి వెళ్లే దూరం ఎంతో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఇంకో సంగతి: ఆటు సమయంలో నీళ్లు దిగి, ఎక్కే ర్యాంప్ బాగా వాలుగా ఉంటుంది. బ్యాటరీ అడుగుకు తగలొచ్చు. పోటు ఉన్న వేళ ఏదో అడిగి అప్పుడు దాటండి.

ఇంత చూసుకున్నాక కూడా ఆగిపోతే? రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు ఫోన్‌లో కాక కాగితం మీద కూడా రాసుకోండి. వచ్చే బండి కారును మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని స్పష్టంగా చెప్పండి. తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే వాటితో మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, లోపలి పరికరాలు దెబ్బతింటాయి. ఇంకొకటి, పెద్ద బ్యాటరీలో బోలెడు చార్జ్ ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే కారు కదలదు, కొన్నిటికి తలుపు కూడా తెరుచుకోదు. బయల్దేరే ముందు సర్వీసులో దాన్ని పరీక్ష చేయించండి. అయిదు నిమిషాల పని.

మీ బావమరిదికి ఈ ప్లాన్ కాగితం మీద చూపించండి. ఏ రోజు ఎక్కడ చార్జింగ్, అది పనిచేయకపోతే ఎక్కడ అన్నది రాసి ఉంటే ఆయనకూ నమ్మకం కుదురుతుంది. అయితే ఇదొక్కటి: మీరు దిగాలనుకునే ఊళ్లలో రెండు రాత్రులు వరుసగా ప్లగ్ దొరకక, దగ్గరి హైవే చార్జర్ కూడా వంద కిలోమీటర్ల అవతలే ఉంటే, ఆ ప్రయాణానికి మాత్రం ఆయన కారు తీసుకోవడమే సరైన పని. పెద్దాయనను వెంటపెట్టుకుని ఆ పరీక్షకు దిగొద్దు.

తిరిగొచ్చాక రెండు రోజుల్లోపు కారు అడుగు భాగాన్ని, చక్రాల లోపలి వైపును మంచినీళ్లతో కడిగించండి. చార్జింగ్ పోర్ట్‌కు, నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్లకు ప్రెషర్ పైపు దగ్గరగా పెట్టనివ్వకండి. రీజెన్ వల్ల ఈ కార్లలో బ్రేకుల వాడకం తక్కువ, అందుకే ఉప్పుగాలికి డిస్కులు త్వరగా తుప్పు పడతాయి. ఖాళీ రోడ్డు మీద రీజెన్ తగ్గించి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేక్ వేస్తే ఆ పొర పోతుంది. తీరంలో ఉన్న రోజుల్లో కూడా పొద్దున్నే బయల్దేరగానే ఒకసారి అలా చేయండి.